శ్రమకాల శుక్రవారం వేసిన టీకా

మిరపకాయకు ఎరుపును, పసిబిడ్డ నెత్తురుకు ఎరుపును ఇచ్చిన దేవునికి స్తోత్రం. నల్లరేగడిలో పత్తిని తెల్లగా విప్పేవాడు ఆయనే, మా చిన్న సంఘానికి నోరూ మనసూ ఇచ్చినవాడూ ఆయనే. ఏ సంగతి చెప్పబోయినా ముందు ఆయనను తలుచుకుని మొదలుపెట్టడం మా అమ్మ నేర్పిన అలవాటు. ఆమె వాక్యం చెబుతూ ఈ పల్లెలన్నీ కాలినడకన తిరిగిన మనిషి. నేను ఆమెలా తిరగలేదు. ఒకే బడిలో ఇరవై ఆరేళ్లుగా కూర్చున్నాను.

ఆ బడి మా సంఘానిది. ఏడో తరగతి వరకు ఉంది. పిల్లల్లో సగం మంది సంఘం ఇళ్ల నుంచి, సగం మంది ఊళ్లోని రైతుల ఇళ్ల నుంచి వస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా నేను వాళ్లకు హెడ్మిస్ట్రెస్‌ని. ఆదివారం మా పిల్లలకు సండే స్కూలు టీచరుని కూడా. ఈ రెండు ఉద్యోగాలూ ఒకదానికొకటి అడ్డం రాగలవని నాకు ఎన్నడూ తోచలేదు. తోచి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

దసరా సెలవులు అయిన వారం ఒక ముసలావిడ బడికి వచ్చింది. మిరప కల్లాల్లో తొడిమలు తీసే పని ఆమెది. ఆ పని చేసేవాళ్ల చేతులు ఎప్పుడూ మండుతుంటాయి కాబట్టి కాగితాన్ని వేళ్లతో కాకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకొచ్చింది. గుంటూరులో డాక్టరుగారు ఇంగ్లీషులో రాసిచ్చిన ఉత్తరం అది. ఆమె మనవరాలు మా బడిలో ఒకటో తరగతి చదువుతుండగా నెత్తుటి క్యాన్సరు వచ్చింది. తల్లి లేని పిల్ల. రెండేళ్లకు పైగా ఆసుపత్రి మందులతోనే గడిపింది. జబ్బు అదుపులోకి వచ్చిందనీ, వచ్చే జూన్‌లో బడికి పంపవచ్చనీ ఉత్తరంలో ఉంది. కానీ కిందనే ఇంకో మాట ఉంది. ఆ మందుల వల్ల పిల్లకు ఇప్పట్లో తట్టు టీకా వేయకూడదు, తట్టు సోకితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి తోటి పిల్లలందరికీ ఆ టీకాలు పూర్తయి ఉండాలి.

నేను తెలుగులో చెప్పాను. ఆమె విని, "అంటే నా పిల్లకి సూది వద్దు, అందరి పిల్లలకీ సూది కావాలి. అంతేగా అమ్మా?" అంది.

"అంతేనమ్మా."

"అందరూ ఒప్పుకుంటారా?"

ఒప్పుకుంటారని ఆమెకు మాటిచ్చాను. ఎవరినీ అడగకుండానే ఇచ్చాను.

మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం, నేను కలిసి పిల్లల టీకా కార్డులన్నీ చూశాం. ముప్పై మందికి పైగా పిల్లలకు రెండో డోసు లేదు. కొందరి తల్లులు ఆ వయసులో పిల్లల్ని చంకన వేసుకుని వేరే జిల్లాలకు కోతలకు పోయారు. కొందరు కార్డులే పోగొట్టుకున్నారు. ఇంకొన్ని ఇళ్లు, దేవుడే వైద్యుడని చెప్పి మాత్ర కూడా మింగని ఇళ్లు. ఆ ఇళ్లకు పెద్దదిక్కు మా సంఘ పెద్దల్లో ఒకాయన. వృత్తికి తాపీమేస్త్రి. మంచి మనిషి, మొండి మనిషి.

బడి పిల్లలందరికీ టీకా తప్పనిసరి అని నేను సంఘ పెద్దల దగ్గర తీర్మానం పెట్టాను. పాస్టరుగారు, మిగతా పెద్దలు చేతులెత్తారు. మేస్త్రి చెయ్యి ఎత్తలేదు, వద్దనీ అనలేదు. మర్నాడే నేను పెయింటరును పిలిపించి బడి గేటుకు బోర్డు కట్టించాను. టీకా కార్డు చూపని పిల్లలకు జూన్ నుంచి ప్రవేశం లేదు అని నీలం అక్షరాలు. రోజూ లోపలికి వచ్చేటప్పుడు ఆ అక్షరాలు చూసుకుని మురిసేదాన్ని. ఒక బిడ్డ కోసం గట్టి పని చేశానని నాకు నేనే మార్కులు వేసుకున్నాను.

బోర్డు కట్టిన పదిహేను రోజులకు వకీలు నోటీసు వచ్చింది. పంపినాయన మా ఊరి మిరప రైతు. ఒక పార్టీకి మండల నాయకుడు కూడా. ఆయన ఇద్దరు కొడుకులూ మా దగ్గరే చదువుతారు. టీకా లేదని బడిలో చేర్చుకోబోమనడానికి మీకు ఏ చట్టం అధికారం ఇచ్చిందో చెప్పండి, లేకపోతే కోర్టులో కలుద్దాం అని దాని సారాంశం.

మండల విద్యాశాఖ కార్యాలయానికి పోతే అక్కడివాళ్లు టీకాలు వేయించడం మంచిదే అన్నారు. మీ బోర్డు గురించి మాత్రం మేం రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేమన్నారు. అప్పుడు గుంటూరు బస్సెక్కి బ్రాడీపేటలో ఒక వకీలుగారి దగ్గరకు పోయాను. మా అమ్మ దగ్గర సండే స్కూలు చదివిన మనిషి, ఫీజు మాట ఎత్తడు. ఆయన నోటీసు చదివి కళ్లజోడు తీశాడు. ప్రభుత్వం టీకా ఉచితంగా వేస్తుంది, వేయించుకొమ్మని బతిమాలుతుంది, కానీ వేయించుకోని పిల్లను బడి బయట నిలబెట్టమని మన దగ్గర చట్టం లేదని చెప్పాడు. పైగా కాగితాలు లేవని పిల్లల్ని తిప్పి పంపడం విద్యాహక్కు చట్టానికి సరిపడదన్నాడు. కరోనా కాలంలో పెద్ద కోర్టు కూడా ఎవరి ఒంట్లోకీ బలవంతంగా సూది దించరాదంది, అయితే పదిమంది మేలు కోసం ప్రభుత్వం హద్దులు పెట్టవచ్చని కూడా అంది. ఆ హద్దు పెట్టేది ప్రభుత్వం, మీరు కాదు టీచరమ్మగారూ అన్నాడు. బోర్డు తీసేసి తల్లిదండ్రుల్ని అడగండి, సంతకాలు తీసుకోండి, అదే మీకున్న దారి అని పంపాడు.

తిరుగు బస్సులో నాకు కోపంగానే ఉంది. చట్టం బిడ్డ ప్రాణం చూడదా అనుకున్నాను. తీరిగ్గా ఆలోచిస్తే చట్టం చూసింది కూడా బిడ్డనే. నా బోర్డు వల్ల బయట నిలబడబోయేది కార్డు పోగొట్టుకున్న కూలివాళ్ల పిల్లలే కదా. అది తెలిసి కూడా బోర్డు వెంటనే తీయలేదు. టీకాల క్యాంపు అయ్యాక తీద్దాంలే అనుకున్నాను. మాట పోతుందని భయం.

క్యాంపుకు రోజు ఎంచింది నేనే. ఏఎన్ఎం బుధవారం అంది. నేను శుక్రవారం అన్నాను. అది శ్రమకాలం, ఈస్టరుకు ముందు నలభై రోజులు. ఆ శుక్రవారాల్లో మా తల్లులు మధ్యాహ్నం ప్రార్థనకని కల్లాలకు సెలవు పెట్టి ఊళ్లోనే ఉంటారు. సంతకాలకు అందుబాటులో ఉంటారని నా లెక్క. అందరూ మెచ్చుకున్నారు. మేస్త్రి ఇంటి నుంచి కూడా పిల్ల వచ్చింది, నాలుగో తరగతి చదివే ఆయన మనవరాలు. ఆయన కోడలు ఎవరికీ చెప్పకుండా సంతకం పెట్టి పంపింది. ఇద్దరు మనవళ్లను మాత్రం ఆయన ఇంట్లోనే ఆపాడు.

ఏఎన్ఎం ప్రతి పిల్లనూ అడిగింది, పొద్దున ఏమైనా తిన్నావా అని. అందరూ తలూపారు. పదకొండున్నరకు వరసలో నిలబడి ఉన్న మేస్త్రి మనవరాలు సూది పడిన రెండు నిమిషాలకు కళ్లు తేలేసి కూలబడింది. ఆ పిల్లను చూసి ఇంకొకతె, ఆమె పక్కన మూడో పిల్ల. చాప మీద పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టి, మొహాన నీళ్లు చల్లాం. కాసేపటికి ముగ్గురూ లేచి కూర్చున్నారు. మండల ఆసుపత్రి డాక్టరుగారు వచ్చి చూసి ప్రమాదమేమీ లేదన్నాడు. కానీ ఈలోగా గేటు బయట ఎవరో ఫోనులో వీడియో తీశారు.

సాయంత్రానికి ఆ వీడియో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. ఒక పార్టీ వాళ్ల గ్రూపులో ప్రభుత్వం పాత మందులు పంపి పేద పిల్లల మీద వాడుతోందని రాశారు. రెండో పార్టీ వాళ్ల గ్రూపులో సంఘం బడిలో విదేశీ మందులు ప్రయోగిస్తున్నారని రాశారు. రెండు చోట్లా నా బోర్డు ఫోటో ఉంది. రైతు నాయకుడు ఆదివారం సాయంత్రం బడి ముందు జనాన్ని కూడగడతానని చెప్పి పంపాడు. పాస్టరుగారు ధర్నా ఎందుకు, లోపలికే రండి, మాట్లాడుకుందాం అని కబురు చేశారు.

ఆ శుక్రవారం రాత్రంతా నాకు గుర్తొచ్చింది ఆ ముగ్గురు పిల్లలు కాదు, మనవరాలి ఉత్తరాన్ని అరచేతుల్లో పట్టుకున్న ముసలావిడ. తీర్మానం రద్దయితే ఆ పిల్లకు జూన్ లేదు.

శనివారం బడి వదిలాక మేస్త్రి ఇంటికి పోయాను. ఆయన పనికి పోయి ఉన్నాడు. మనవరాలు గడపలో కూర్చుని చెల్లెలికి జడ వేస్తోంది. ఎలా ఉందని అడిగాను. బాగానే ఉంది. నాకెందుకో అనుమానం వచ్చి, నిన్న పొద్దున ఏం తిన్నావమ్మా అని అడిగాను. పిల్ల జడ అల్లడం ఆపలేదు.

"తినలా టీచరమ్మా."

"మరి ఏఎన్ఎం అడిగితే తిన్నానని తలూపావే?"

"ఉపవాసం ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదని మీరే చెప్పారుగా. మొహం కడుక్కుని నవ్వుతా ఉండమన్నారుగా."

నేను ఆ గడప మీదే కూర్చుండిపోయాను. శ్రమకాలం మొదటి ఆదివారం సండే స్కూల్లో నేనే చెప్పాను. ఉపవాసం దేవునికే తెలియాలి, మనుషులకు కనబడకూడదు. పిల్లలు ఆ మాటను ఎంత బాగా పాటించారంటే, ఎవరు ఎక్కువ శుక్రవారాలు గుట్టుగా ఉండగలరో తమలో తాము పందెం వేసుకున్నారట. ఇంట్లో అన్నం ముద్ద కుక్కకు పెట్టి వచ్చిన వాళ్లూ ఉన్నారు. పడిపోయిన ముగ్గురే కాదు, ఆ వరసలో నిలబడ్డ మా సంఘం పిల్లల్లో చాలామంది ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన ఏడుపుతో పాటు నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. ఇన్నేళ్ల పాఠాల్లో పిల్లలు ఇంత శ్రద్ధగా విన్న పాఠం ఇంకొకటి లేదు.

ఆదివారం ఆరాధనకు ముందే బోర్డు విప్పించి స్టోరు గదిలో పెట్టించాను. సాయంత్రం బడి ఆవరణ నిండిపోయింది. కల్లాల నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకునే తుమ్ముతున్నారు. రైతు నాయకుడు ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి కూర్చోగానే ఆయన లేచాడు.

"మేడమ్, ఒకటే ప్రశ్న. చట్టంలో లేని రూలు మీరెట్టా పెట్టారు?"

"పెట్టకూడదండి. తప్పే. పొద్దున్నే బోర్డు తీసేశాను."

ఆయన జేబులోంచి తీసిన కాగితాలు చేతిలో ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తోచక మళ్లీ మడిచాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "ఇంకేం, బండెక్కు నాయనా," అంటే నవ్వులు లేచాయి.

అప్పుడు నేను ఉపవాసం సంగతి చెప్పాను. ఏదీ దాచలేదు. రోజు ఎంచింది నేను, గుట్టుగా ఉండమని నేర్పింది నేను, పిల్లలు తలూపింది నా మాట మీద. వాళ్లు పడిపోయింది ఖాళీ కడుపుకు, భయానికి. మందును అనవద్దు, అనదలచుకుంటే నన్ను అనండి అన్నాను. ఏఎన్ఎం గోడ పక్కన నిలబడి ఉంది. రెండు రోజులుగా జనం నోట పడిన మనిషి, తల వంచుకుని కళ్లు తుడుచుకుంది.

మేస్త్రి లేచాడు. పనిలో కాలిన సున్నం మచ్చలు ఆయన చేతుల మీద ఇంకా ఉన్నాయి.

"పిల్ల ఉపవాసం ఉందంటే నేను మురిసిపోయినోణ్ణే. దానికి సంతకం పెట్టారని మాత్రం నాకు చెప్పలా. సరే. టీచరమ్మగారు తప్పు ఒప్పుకుంది, నేను ఆవిణ్ణి అనను. కానీ ఒకటి చెప్పండి. కాపాడేది దేవుడని నమ్మినోడికి సూది ఎందుకు?"

నా దగ్గర వాక్యాలున్నాయి, పాస్టరుగారి దగ్గరా ఉన్నాయి. వాక్యానికి వాక్యం వేస్తే తెల్లారేదాకా సాగుతుందని ఇద్దరికీ తెలుసు. అప్పుడు ఆడవాళ్ల మధ్య నుంచి ఆ ముసలావిడ లేచింది. మేస్త్రికి వరసకు అక్క అవుతుంది.

"ఏరా అబ్బాయ్. కాలనీలో నా ఇంటి డాబాకి పిట్టగోడ ఎవరు కట్టారు?"

"నేనేగా అక్కా."

"నాకొద్దు, నేను పైకెక్కను, మోకాళ్లు లేవు అన్నా. వినకుండా కట్టావు. కడతా ఏం చెప్పావు?"

మా ఊళ్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. మేస్త్రి పిట్టగోడ లేకుండా ఇల్లు అప్పగించడు. ఇల్లుగలవాళ్లు వద్దన్నా కూలి అడక్కుండా మూడు వరసల ఇటుకైనా లేపి వస్తాడు. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు గోడ కట్టాలనీ, లేకపోతే అక్కణ్ణుంచి పడ్డవాడి నెత్తురు ఆ ఇంటి మీదికి వస్తుందనీ ధర్మశాస్త్రంలో ఉందని ప్రతి ఇంటి మీదా నిలబడి చెబుతాడు. చెప్పే ఆయనకూ వినే మాకూ అది కంఠతా వచ్చు.

ఆ జవాబు కూడా ముసలావిడే చెప్పింది.

"నాకోసం కాదు, ఎవరో పిల్లోడు గాలిపటానికి ఎక్కితే పడతాడని చెప్పావు. దేవుడు పట్టుకుంటాళ్లే అని ఊరుకోలా. నా మనవరాలికి మీ పిల్లలే పిట్టగోడరా. అది తనకు తాను కట్టుకోలేదు."

అని కూర్చుంది. ఆమె గొంతు పెంచలేదు.

మేస్త్రి చేతుల మీది సున్నం మచ్చలను బొటనవేలితో రుద్దుకున్నాడు. ఆ మనిషి ఓడిపోయినట్టు కనబడలేదు, లెక్క మళ్లీ చూసుకుంటున్నట్టు కనబడ్డాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"ఇద్దరు పిల్లగాళ్లనీ అన్నం పెట్టి తీసుకొస్తా. శుక్రవారం మాత్రం వద్దు."

ఈసారి నవ్వు అందరిదీ. రైతు నాయకుడు కూడా నవ్వాడు. ఆపైన ఆయన చెప్పిన మాటను నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

"నా కొడుకులకి అన్ని టీకాలూ గుంటూరులో ఎప్పుడో వేయించా మేడమ్. కార్డులు ఇంట్లోనే ఉన్నాయి. మీరు బోర్డు పెట్టారు గానీ, ఒక్కమాట అడగలా. అడిగితే ఆ రోజే తెచ్చిచ్చేవాణ్ణి."

అంత పోట్లాడిన మనిషి పిల్లలకు ఒక్క డోసు కూడా తక్కువ లేదు. నాకు నవ్వాలో సిగ్గుపడాలో తెలియలేదు. సిగ్గే పడ్డాను. ఆయనకు క్షమాపణ చెప్పాను.

ఆ తరువాత జరిగింది నా పని కాదు. ముసలావిడతో తొడిమలు తీసే ఆడవాళ్లు సంతకాల కాగితాలు అడిగి పట్టుకుపోయారు. కల్లం నుంచి కల్లానికి, పొద్దున టీ తాగేవేళ ఒకరు, మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు ఒకరు. వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి, ఆ పిల్ల సంగతి చెప్పి, తరువాతే కాగితం చాపేవారట. బలవంతం చేయొద్దని నేను చెప్పి పంపాను. "బలవంతమెందుకు టీచరమ్మా, మాకు నోరుందిగా," అంది ఒకామె. కాగితాలు తిరిగి వచ్చేసరికి వేలిముద్రల పక్కన మిరప రంగు అంటుకుని ఉంది, విప్పితే నాకూ తుమ్ములు వచ్చాయి. కార్డులు పోయినవాళ్లకు ఏఎన్ఎం పాత రిజిస్టర్లు వెతికి కొత్తవి రాసిచ్చింది. ఈస్టరు అయిన మంగళవారం రెండో క్యాంపు పెట్టాం. ఆ రోజు పాస్టరుగారి ఇంట్లో ఇడ్లీలు వండి, తిన్న పిల్లనే వరసలో నిలబెట్టాం. తిన్నావా అని అడగడం మానేసి, నోరు తెరువు అన్నాం.

రెండు ఇళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల ఇళ్లకు పోయి కూర్చున్నాను, టీ తాగాను, వాళ్ల భయం విన్నాను. ఒక తండ్రి నాతో గంటసేపు వాదించాడు. వాళ్ల పిల్లలు మా బడిలోనే ఉన్నారు. ఆ పిల్ల చేరబోయే మూడో తరగతిని రెండు సెక్షన్లు చేసి, వాళ్లను రెండోదాంట్లో కూర్చోబెట్టాను. ప్రార్థన వేళ మైదానానికి ఆ చివర నిలబెడతాను. ఎందుకో వాళ్లకూ చెప్పాను, ఆ తండ్రులకూ చెప్పాను. నచ్చలేదు గానీ కాదనలేదు. ఏదో పెద్ద తీర్పు వచ్చేదాకా ఇలా సర్దుకుపోవడమే మా దగ్గరున్న చట్టం.

టీవీల్లో ఈ వాదన నడిచినప్పుడల్లా వింటాను. ఒంటి మీద హక్కు ఒంటిగలవాడిదే అని ఒకరు, పదిమంది ప్రాణం ముందు ఒకడి ఇష్టం ఎంత అని ఇంకొకరు. నాకు ఇద్దరి మాటా సగం సగం నిజమనిపిస్తుంది. కానీ నేను చూసింది మూడోది. ఏ పోలీసూ రాలేదు, ఏ జరిమానా లేదు, నా బోర్డు కూడా లేదు. అయినా రోజు కూలి మీద బతికే ఆడవాళ్లు ఒక పిల్ల కోసం ఊరంతటినీ ఒప్పించారు. వాళ్లలో కొందరు మా సంఘంవాళ్లు, కొందరు రైతుల ఇళ్లవాళ్లు. ఆ కల్లాల్లో ఏ మతం మనిషి తుమ్మినా ఒకటే. నేను ఈ ఊరి టీచరునని చెప్పుకోవడానికి నాకు ఇంతకంటే గొప్ప కారణం అక్కర్లేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ పిల్ల వచ్చింది. తల మీద నూలు టోపీ, మూతికి మాస్కు, వయసుకు కొంచెం చిన్నగా కనబడే ఒళ్లు. మూడో తరగతిలో కూర్చోబెట్టాను. అమ్మమ్మ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది, ఆ రోజు పనికి పోలేదు. నాలుగో ఎక్కం చెప్పమంటే పిల్ల లేచి నాలుగు ఆర్లు ఇరవై ఆరు అంది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూడా మాస్కులోంచి నవ్వింది, టోపీ పైకి జరుపుకుని ఈసారి సరిగ్గా చెప్పింది. కిటికీ దగ్గర ముసలావిడ, "తప్పు చెబితే కొట్టండి టీచరమ్మా, మిగతా పిల్లల్లాగే," అంది. నేను కొట్టలేదు గానీ, ఆ మాట నాతోనే ఉండిపోయింది. మిగతా పిల్లల్లాగే. ఆమె రెండేళ్లుగా అడుగుతున్నది అదే.

వచ్చే నెల మొదట్లో పిల్లను మళ్లీ గుంటూరు తీసుకుపోవాలి. ఆ రోజు చేసే నెత్తుటి పరీక్ష బాగుంటే మందులు పూర్తిగా ఆపుతామన్నారు. చదువుతున్న మీది ఏ ఊరైనా, మీరు ఎవరికి మొక్కేవాళ్లైనా సరే, ఒక్క నిమిషం కాగితం పక్కన పెట్టి నాతో కలవండి. ప్రభువా, ఆ బిడ్డ నెత్తురును శుభ్రంగా ఉంచు. ఒప్పుకోని ఆ రెండు ఇళ్ల భయం తీసెయ్యి, మేం వాళ్లను కసిరే నోటితో కాకుండా కూర్చునే ఓపికతో పోయేలా చెయ్యి. మిరప మంటతో కాలుతున్న ఆ ఆడవాళ్ల చేతులను దీవించు. ఆమేన్ అని మీరూ అనండి, ఆ పిల్ల పేరు మీకు తెలియకపోయినా ఆయనకు తెలుసు.